అతుకుల మాస్టారి రెండు డబ్బాలు

మా మామగారిని వీధిలో అందరూ అతుకుల మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. నీటి పంపులు తయారుచేసే కార్ఖానాలో ఇరవై ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా పనిచేసి, అది మూతపడ్డాక మా ఇంటి వసారాలో ఒక బల్ల వేసుకుని, విరిగినవీ ఊడినవీ పగిలినవీ అతికించడం మొదలుపెట్టారు. వస్తువు తెచ్చినవాడికి ముందో పాఠం చెప్పకుండా దాన్ని ముట్టుకోరు గనక మాస్టారయ్యారు.

పాఠం అంటే నాలుగు ప్రశ్నలు. ఇది ఏం మోస్తుంది? ఎటు లాగుతుంది? తడి తగులుతుందా? సెగ తగులుతుందా? ఈ నాలుగింటికీ జవాబు చెప్పాకే ఏ జిగురు వాడాలో ఆయన తేలుస్తారు. ఉత్త కప్పు చెవి ఊడింది బాబోయ్ అని మొత్తుకున్నా వదలరు. "కప్పు చెవే కదా అంటావేమిటి? అందులో పోసేది మరిగే టీ. పట్టుకునేది మీ అమ్మ. ఊడితే కాలేది ఎవరి ఒళ్ళు?" అంటారు. వచ్చినవాడు నోరు మూసుకుని బెంచీ మీద కూర్చోవాల్సిందే.

"నన్ను చూడ్డానికి వచ్చినప్పుడూ ఈ నాలుగే అడిగి ఉంటారు, నాకు వినపడలేదంతే" అనేది మా అత్తగారు.

ఆయన దగ్గర రకరకాల జిగుర్లు ఉండేవి గానీ, ఇనుముకీ రాయికీ పింగాణీకీ మాత్రం ఒక్కటే నమ్మేవారు. రెండు ట్యూబుల్లో వచ్చే మందు. ఒకదాంట్లో జిగురు, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచేది. విడివిడిగా ఏళ్ళ తరబడి మెత్తగా పడుంటాయి, కలిపితే ఒక రోజులో రాయైపోతాయి. వాటికి ఆయన పెట్టిన పేరు వియ్యంకులు. "ఇద్దరికీ సరిసమానంగా మర్యాద చెయ్యాలమ్మా. ఒకడికి ఆవగింజంత తక్కువైనా వాడు ఊరుకుంటాడా? సంబంధం నిలవదు" అని నేను కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పారు. పాత పలక ముక్క మీద రెండు ట్యూబుల నుంచీ రెండు గీతలు తీసేవారు. అటు గీత ఎంత పొడుగో ఇటు గీతా అంతే. స్కేలు పెట్టి కొలిచినా తేడా వచ్చేది కాదు. నేనొకసారి నిజంగానే పెట్టి చూశాను. నాకు ఆ మాత్రం అనుమానపు బుద్ధి ఉంది.

అయిదు నిమిషాల్లో పట్టేసే రకం ఒకటుందని, అది వాడితే రోజుకి పది పనులవుతాయని మావారు చెప్పి చూశారు. "తొందరగా పట్టింది తొందరగానే వదుల్తుందిరా" అని కొట్టిపారేశారు. అది అన్ని వేళలా నిజం కాదనీ, చిన్నాచితకా పనులకి ఆ రకమే నయమనీ ఆయనకీ తెలుసు. కొడుకు చెప్పాడు గనక ఒప్పుకోరు, అంతే.

మొన్న చలికాలంలో సెలూన్ బాబాయి వచ్చాడు. వీధి చివర సెలూన్ ఆయనదే. వరసకి ఏమీ కాడు, చిన్నప్పటి నుంచీ మావారి తల ఆయన చేతిలోనే పెరిగింది గనక బాబాయి అయ్యాడు. గోనెసంచిలోంచి బరువైన ఇనప ముక్కలు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. గడ్డం గీసేటప్పుడు తల వెనక్కి ఆనించుకునే దిమ్మ ఉంటుందే, దాన్ని కుర్చీకి పట్టి ఉంచే చెయ్యి అది. వాళ్ళ నాన్న నాటి కుర్చీ. పోత ఇనుము సరిగ్గా మెడ దగ్గర విరిగింది.

"వెల్డింగ్ వాడు ముట్టుకోనన్నాడు మాస్టారూ. పాత పోత ఇనుము, సెగ పెడితే ఇంకోచోట పగులుద్దంటాడు. కొత్త కుర్చీ కొనుక్కోమంటాడు. మా నాన్న కుర్చీ అండీ అది."

మామయ్య ముక్కల్ని చేత్తో తడిమారు. విరిగిన అంచు మీద బొటనవేలు రాసి చూశారు. తన నాలుగు ప్రశ్నలూ తానే వేసుకుని తానే జవాబు చెప్పుకున్నారు. "మనిషి తలకాయ మోస్తుంది. కిందికి లాగుతుంది. తడి తగుల్తుంది, సెగ లేదు. లోపల చువ్వ దూర్చి అతికిద్దాం. మూడు రోజులియ్యి."

తీరా చూస్తే ట్యూబులు అయిపోవచ్చాయి. తెమ్మని నన్ను పంపారు. ఈ కథలో నేను చేసిన ఘనకార్యం ఇక్కడే మొదలు.

హార్డ్‌వేర్ కొట్టులో ఆ ట్యూబులు లేవు. కొట్టాయన నా ముందు నాలుగు రకాలు పరిచాడు. ఒకటి అయిదు నిమిషాలది. ఒకటి చపాతీ పిండిలా పిసికి పెట్టేది, చిల్లులు పూడ్చడానికి. ఒకటి నీళ్ళలా పారదర్శకంగా ఉండేది, గాజుకీ నగలకీ. నాలుగోది రెండు డబ్బాలు, ఒకటే సైజు, తెల్ల మూత ఒకదానికి, నల్ల మూత ఒకదానికి. "కార్ఖానాల వాళ్ళు పట్టుకెళ్ళేది ఇదేనమ్మా. ఇనుముకి దీన్ని మించింది లేదు. నిదానంగా పడుతుంది, పట్టిందంటే వదలదు" అన్నాడు. నిదానంగా పడుతుందనగానే నాకు మా మామయ్య మొహమే కనపడింది. అదే ఇమ్మన్నాను. అప్పుడే కొట్టు వెనక ఎవరో రేకు కోసే మిషను వేశారు. చెవులు గింగుర్లెత్తిపోయాయి. కొట్టాయన డబ్బాలు సంచిలో పెడుతూ నోరు పెద్దగా తెరిచి ఏదో అరిచాడు. "వేళ్ళు జాగ్రత్త!" అని వినపడింది. అంత గట్టి జిగురు వేళ్ళకంటుకుంటే కష్టమే కదా. పాపం మంచివాడు అనుకుంటూ తలూపి వచ్చేశాను.

ఆ మాట మామయ్యకి అప్పజెప్పాను కూడా. "వేళ్ళు జాగ్రత్తట మామయ్యా."

ఆయన పడీ పడీ నవ్వారు. "నా వేళ్ళకి వాడు జాగ్రత్తలు చెప్తాడా? వాడు పుట్టకముందు నుంచీ జిగురులో ఉన్నాయివి." ఒక్కొక్క మూతే తీసి వాసన చూశారు. డబ్బా పైకెత్తి మొహం దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, సరే అన్నట్టు దించారు. చదివారనుకున్నాను. తెల్ల డబ్బాలోంచి ఒక చెంచా, నల్ల డబ్బాలోంచి ఒక చెంచా తీసి కలిపారు. వియ్యంకులకి సరిసమాన మర్యాద.

మర్నాడు అతుకు మీద గోరు నొక్కి చూశారు. కాస్త దిగింది. చలికి ఆలస్యమవుతోందని ఒక రోజంతా ఎండలో పెట్టారు. ఆ తర్వాత గోరు దిగలేదు. మూడో రోజు బాబాయి వచ్చి పట్టుకెళ్ళాడు.

నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు, అదే గోనెసంచితో. మామూలుగా అయితే గుమ్మంలోంచే లోకంలో కబుర్లన్నీ మొదలుపెట్టే మనిషి, ఆ రోజు చెప్పులు విడిచి నెమ్మదిగా వచ్చి కూర్చున్నాడు.

"ఏం కాలేదు మాస్టారూ. ముందే చెప్తున్నా, ఎవరికీ ఏమీ కాలేదు. స్టేషన్ మాస్టారు గడ్డానికొచ్చారు. నురగ పట్టించా. బ్లేడు మారుద్దామని ఇటు తిరిగా. అంతే, దిమ్మ ఊడి తల వెనక్కి పోయింది. మెడ పట్టేసింది, తైలం రాసి పంపా." గోనెసంచి మూతి విప్పాడు. "నేనటు తిరిగి ఉన్నా గనక ఏం కాలేదు."

మామయ్య విరిగిన చోట గోరు పెట్టారు. పైన పెంకులా ఉంది గానీ లోపల గోరు సర్రున దిగిపోయింది. పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరులా సాగుతోంది. ఆయన చాలాసేపు అలా నొక్కుతూనే ఉన్నారు. తర్వాత లేచి బాబాయి రెండు చేతులూ పట్టుకున్నారు. బాబాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అదేదో తనవల్ల జరిగినట్టు.

ఆ సాయంత్రమే మామయ్య బల్ల సర్దేశారు. పట్టకార్లు, గరుకు కాగితాలు, స్పిరిట్ సీసా, బట్టలకి పెట్టే క్లిప్పులు అన్నీ రేకు పెట్టెలో పెట్టి, వస్తువుని బిగించి పట్టే ఇనప వైస్ మీద గోనెగుడ్డ కప్పారు. ఎవరొచ్చినా ఒకటే మాట: "మానేశాను. చాలు." ఎందుకని అడిగితే విసుగొచ్చింది అనేవారు. విసుగొచ్చిన మనిషి తలుపు చప్పుడైతే చాలు, అటు చూస్తాడా?

మూడు రోజులు గడిచాయి. వంటింట్లో పంపు కారుతుంటే కింద గిన్నె పెట్టుకోమన్నారు. పంపుల కార్ఖానాలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన మనిషి! అత్తయ్య నా దగ్గరికొచ్చి, "ఈయన ఇలా కూర్చుంటే ఎన్నాళ్ళో ఉండరే" అంది. ఎప్పుడూ వేళాకోళంగా తప్ప మాట్లాడని మనిషి! ఆ బల్ల తప్ప ఆయనకి ఇంకో లోకం లేదు. పేపరు కూడా తనంతట తాను చదవరు. ఏడాదిగా నన్నే చదవమంటారు, నీ గొంతు బాగుంటుందమ్మా అని. నిజమేననుకుని పొంగిపోయి చదివేదాన్ని.

నాకు ఆయన మీద కాదు, ఆ డబ్బాల మీద కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళలో తప్పని చెయ్యి ఇప్పుడెందుకు తప్పుతుంది? ఆ కొట్టాయనే పాత సరుకు అంటగట్టి ఉంటాడు. రెండు డబ్బాలూ సంచిలో వేసుకుని, నాలుగు మాటలు గట్టిగా అడిగేద్దామని బయల్దేరాను.

నేను చెప్పిందంతా విని కొట్టాయన తొణకలేదు. "ఎలా కలిపారు?" అన్నాడు.

"ఎలా ఏముంది? సమానంగా."

"సమానంగానా! తెల్లది రెండు వంతులు, నల్లది ఒక వంతు తల్లీ. డబ్బా మీద రాసుంది కదా. మిషను మోతలో కూడా అరిచి మరీ చెప్పాను, పాళ్ళు జాగ్రత్త అని!"

పాళ్ళు. డబ్బా తిప్పి చూశాను. చీమ తలకాయంత అక్షరాలు, కానీ ఉన్నాయి. రెండుకి ఒకటి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ డబ్బా మీదున్న ముక్కలన్నీ అక్కడే నిలబడి చదివాను. నల్లది ఎక్కువైతే మందు ఎప్పటికీ గట్టిపడదని కూడా రాసుంది.

తిన్నగా ఇంటికొచ్చి చెప్పేస్తే నేను మంచిదాన్నయ్యేదాన్ని. చెప్పలేదు. ఆ పూటంతా దాచాను. ఒక మనిషి పీక తెగవలసింది నా చెవుల వల్ల అని ఎవరికి చెప్పాలనిపిస్తుంది? మామయ్య కంచం దగ్గర తలెత్తి చూస్తేనే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను పక్కకి తిరిగేదాన్ని. మర్నాడు మధ్యాహ్నం ఇనప సామాన్లు కొనేవాడు వీధిలో కేకేసుకుంటూ పోతుంటే, మామయ్య లేచి వాణ్ణి ఆపారు. వైస్ చూపించి ఎంతకి తీసుకుంటావని అడిగారు.

నేను వసారాలోకి ఒక్క ఉదుటున వచ్చాను. "అది అమ్మేది కాదు, నువ్వెళ్ళు బాబూ" అని వాణ్ణి పంపేశాను.

"ఏంటమ్మా?" అన్నారు మామయ్య.

"తప్పు మీ చేతిది కాదు మామయ్యా. నాది. కొట్టాయన పాళ్ళు జాగ్రత్త అన్నాడు, నేను వేళ్ళు అని విన్నాను. తెల్లది రెండు, నల్లది ఒకటి కలపాలట. మీకు తప్పు చెప్పాను. నిన్ననే తెలిసింది. చెప్పడానికి భయమేసింది." ఒక్క ఊపిరిలో అనేసి ఏడ్చేశాను.

ఆయన బల్ల ముందున్న స్టూలు మీద మెల్లగా కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను. "రెండూ ఒకటీనా" అన్నారు, తనలో తనే. తర్వాత, "అయితే నా కొలత తప్పలేదా?" అని అడిగారు.

"తప్పలేదు మామయ్యా. మీరు సరిసమానంగానే కలిపారు. నేను డబ్బా మీద చదవలేదు, అదీ జరిగింది."

"నువ్వు చదవలేదు సరే. నేనెందుకు చదవలేదో అడగవేం?"

నేను మొహం తుడుచుకుంటూ ఆగిపోయాను. "అలవాటు కొద్దీ..." అన్నాను.

"చదవలేదు కాదమ్మా. చదవలేను." ఆయన బల్ల అంచు చేత్తో తడుముతూ చెప్పారు. "ఏడాదై పోయింది. అక్షరాలన్నీ కలిసిపోయి మసిలా కనపడతాయి. నీ మొహం కూడా ఇక్కడ కూర్చుంటే సరిగ్గా తెలీదు, నడక బట్టి పోల్చుకుంటున్నా. అతుకంతా వేళ్ళతోనే చేస్తున్నా. ఇంట్లో చెప్తే బల్ల తీసేయిస్తారని చెప్పలేదు. ఆ దిమ్మ ఊడినప్పుడు, కొలతలో కూడా కళ్ళు మోసం చేశాయనుకున్నా. మనిషి ప్రాణం తీసేవాణ్ణి కదా అని..." ఆగారు. ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను.

నాకు కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి. నా గొంతు బాగుంటుందనడం వెనక కథ ఇదన్నమాట! "ఏడాది పాటు నాచేత పేపరు చదివించుకున్నారు. అప్పుడే ఒక్క ముక్క చెప్తే ఆ డబ్బా కూడా చదివేదాన్ని కదా!" అన్నాను. గట్టిగానే అన్నాను.

"తిలా పాపం తలా పిడికెడు" అన్నారు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. "మీ ఆయనకి చెప్పకు."

"చెప్తాను మామయ్యా. ఇవాళే చెప్తాను."

చెప్పాను. మావారు చిందులు తొక్కారు, అరిచారు, చివరికి కంటి డాక్టరు దగ్గర వచ్చే వారానికి పేరు రాయించారు. బల్ల తీసేయాలన్న మాట కూడా వచ్చింది. "ముందు ఆ దిమ్మ అతకనివ్వండి, తర్వాత చూద్దాం" అన్నాను. అత్తయ్య నా పక్కన నిలబడింది. ఇద్దరు ఆడవాళ్ళు ఒక్కటైతే ఆ ఇంట్లో ఎవరు మాత్రం ఏం చేస్తారు?

నేను వేరే కొట్లో పాత ట్యూబులే వెతికి తెస్తానన్నాను. మామయ్య వద్దన్నారు. "మందు మంచిదే. ఆ ఇనుముకి ఇదే తగింది. దానికి మన లెక్క అంటగట్టి, దాన్ని తిడితే ఎలా? ఈ వియ్యంకుల్లో ఒకడు మర్యాదకి లొంగడు, తగ్గించి పెడితేనే దారికొస్తాడు."

పాత బంకంతా గీకడానికే ఒక రోజు పట్టింది. దాని మీద కొత్తది పట్టదట. స్పిరిట్‌తో తుడిచి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాం. అప్పుడాయన చెంచా నా చేతికిచ్చారు.

"నువ్వు కలుపు."

"నేనా? మీరు కలపండి, నేను చదువుతాను."

"చదివినవాళ్ళే కొలవాలి. పైకి లెక్కపెట్టు."

తెల్లది ఒకటి, అన్నాను. పై భాగం బ్లేడుతో చదునుగా కోశాను. తెల్లది రెండు. చెంచా తుడిచి, నల్లది ఒకటి. చారలు కనపడనంత వరకూ కలపమన్నారు. ఎంతసేపు కలిపినా ఇంకా అనే అంటారు. చివరికి గిన్నె అడుగున చెయ్యి పెట్టి చూసి, "వేడెక్కుతోంది, పని మొదలైంది" అన్నారు. చువ్వ దూర్చి, ముక్కలు కలిపి, వైస్‌లో బిగించి, రెండు రోజులు దాని జోలికి వెళ్ళనివ్వలేదు. మూడో రోజు గిన్నెలో మిగిలిన ముద్దని సుత్తితో కొట్టించారు. టంగుమంది. రెండుగా పగిలితే లోపల కూడా పొడిగా, గట్టిగా ఉంది. గోరు దిగలేదు. నా గోరే విరిగింది.

నాలుగో రోజు ఉదయం ఆయన నా భుజం పట్టుకుని సెలూన్‌కి నడిచారు. బాబాయి దిమ్మ బిగించాడు. అప్పటికే ఇద్దరు గడ్డాలకి కూర్చుని ఉన్నారు. అందులో ఒకరు స్టేషన్ మాస్టారు. ఆయన మెడ మీద చెయ్యి వేసుకుని, "నాకేం తొందర్లేదు, ఆయన్ని కానివ్వండి" అన్నారు. ఆ రెండో ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మామయ్య వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. నలభై ఏళ్ళుగా గడ్డం ఇంట్లోనే చేసుకునే మనిషి.

"గడ్డం చెయ్యి" అన్నారు.

"మాస్టారూ, ముందో ఇసక బస్తా పెట్టి చూద్దాం" అన్నాడు బాబాయి.

"ఇసక బస్తాకి పీక ఉంటుందా?"

బాబాయి తువ్వాలు కప్పాడు. నురగ పట్టించాడు. కత్తి చేతిలోకి తీసుకుని కూడా ఆగిపోయాడు. "మందు మీరే కలిపారు కదా మాస్టారూ?"

"లేదు" అన్నారు మామయ్య. "మా కోడలు కలిపింది."

బాబాయి నా వైపు చూశాడు. ఆగండి అని అరవాలనిపించింది. మామయ్య తల మొత్తం బరువుతో వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకున్నారు.